ఫోన్‌లో ఒకరనుకుని ఇంకొకరితో మాట్లాడేస్తున్నారా? సమగ్ర మార్గదర్శి

ఎదురుగా ఉన్న మనిషిని పోల్చుకోవడానికి ముఖం, నడక, నిలబడే తీరు, పక్కన ఎవరున్నారు, ఇలా బోలెడు ఆనవాళ్లు ఉంటాయి. సెల్ ఫోన్ కాల్‌లో మిగిలేవి రెండే: స్క్రీన్ మీద కనిపించే పేరు, చెవిలో పడే గొంతు. ఈ రెండూ మనం అనుకునేంత గట్టి ఆధారాలు కావు. వీటికి మన మొహమాటం తోడైతే ఇక చెప్పక్కర్లేదు. అవతల ఎవరో తెలియకపోయినా "ఆఁ, బాగున్నామండీ, మీరెలా ఉన్నారు?" అంటూ ఐదు నిమిషాలు లాక్కొచ్చేస్తాం.

చాలాసార్లు ఇది నవ్వుకుని వదిలేసే విషయమే. కానీ అన్నతో చెప్పాల్సింది తమ్ముడి దగ్గర వాగేయడం, కొత్త మేనేజర్‌ని స్నేహితుడనుకుని "ఒరేయ్" అనేయడం, కొడుకే ఏడుస్తున్నాడనుకుని ముక్కూమొహం తెలియని వాడికి డబ్బు పంపేయడం కూడా ఈ కోవలోకే వస్తాయి. మూడింటికీ మూలం ఒకటే. ఎవరో తేల్చుకోకుండానే మాటల్లో పడ్డాం.

కాబట్టి కింద చెప్పేదంతా ఒక్క నియమం చుట్టూ తిరుగుతుంది. కాల్‌లో ఎవరి పేరు వాళ్లే చెప్పుకోవాలి. ముందు చెప్పాల్సింది కాల్ చేసినవాళ్లు. వాళ్ల పేరు మనం ఊహించి అందించకూడదు.

ముందుగా: గొంతును ఎంతవరకు నమ్మొచ్చు

మామూలు ఫోన్ కాల్‌లో గొంతు మొత్తం రాదు. పాత టెలిఫోన్ల కాలం నుంచి వస్తున్న లెక్క ప్రకారం సుమారు 300 నుంచి 3400 హెర్ట్‌జ్‌ల (హెర్ట్‌జ్ అంటే సెకనుకు ఒక కంపనం) మధ్య ఉన్న ధ్వని మాత్రమే అవతలికి చేరుతుంది. మగవాళ్ల గొంతు మూల శ్రుతి 100 హెర్ట్‌జ్‌లకు కాస్త అటూ ఇటూ, ఆడవాళ్లది 200కు అటూ ఇటూ ఉంటుంది. అంటే గొంతుకు ఆధారమైన శ్రుతే కాల్‌లో ఉండదన్నమాట. దాని పైన ఉండే స్వరాలను బట్టి మన మెదడే ఆ శ్రుతిని పూరించుకుంటుంది. ఇక స, ఫ లాంటి అక్షరాల్లో బలమైన భాగం 4000 హెర్ట్‌జ్‌ల పైన ఉంటుంది కాబట్టి అది పై కోతలో పోతుంది. "స నా, ఫ నా? మళ్లీ చెప్పండి" అని ఫోన్‌లోనే అడగాల్సి రావడానికి కారణం ఇదే. మన చెవులదేం తప్పులేదు.

సెల్ ఫోన్ మీ గొంతును ఉన్నదున్నట్టు పంపదు కూడా. మాటను 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, ఆ క్షణంలో నోరు, గొంతు ఏ ఆకారంలో ఉన్నాయో, శ్రుతి ఎంతో అంకెల్లోకి మార్చి పంపుతుంది. అవతలి ఫోన్ ఆ అంకెల నుంచి గొంతును మళ్లీ తయారుచేస్తుంది. చాలాకాలంగా వాడుకలో ఉన్న ఏఎంఆర్ పద్ధతిలో ఈ అంకెల ప్రవాహం సెకనుకు 12.2 కిలోబిట్లు ఉంటుంది. సిగ్నల్ బాగోలేకపోతే 4.75 దాకా దిగుతుంది. దారిలో ఒక ముక్క పోతే, దాని ముందు ముక్కనే సాగదీసి ఖాళీ పూడుస్తారు. మనిషి గొంతు కాస్త రోబోలా వినిపించే ఆ క్షణాలు ఇవే. హెచ్‌డీ వాయిస్ అని పిలిచే కాల్స్‌లో పరిస్థితి చాలా మెరుగు, 50 నుంచి 7000 హెర్ట్‌జ్‌ల దాకా వస్తుంది. అయితే రెండు ఫోన్లూ, మధ్యలోని నెట్‌వర్కులూ దానికి ఒప్పుకోవాలి.

అక్కాచెల్లెళ్లు, తండ్రీకొడుకుల గొంతులు ఫోన్‌లో ఒకేలా అనిపించడానికి ఇది చాలు. వాళ్ల గొంతు నిర్మాణంలో పోలికలుంటాయి, యాస ఒకటే, "ఆఁ చెప్పు" అనే తీరు కూడా ఒకటే. ఎదురుగా విన్నప్పుడు తేడా పట్టించే సన్నని పోగుల్ని ఫోన్ వడపోసేస్తుంది.

పరిచయం లేని గొంతుల విషయంలో మన జ్ఞాపకం ఇంకా బలహీనం. 1932లో అమెరికా విమానచోదకుడు లిండ్‌బర్గ్ బిడ్డ అపహరణ కేసులో, తండ్రి అయిన లిండ్‌బర్గ్ నిందితుడి గొంతును చీకట్లో, దూరం నుంచి రెండు మాటలు మాత్రమే విన్నాడు. రెండేళ్లు దాటాక ఆ గొంతు పోలీసులు పట్టుకున్న హాప్ట్‌మన్‌దేనని చెప్పాడు. ఆ సాక్ష్యం రేపిన ప్రశ్నలతోనే ఫ్రాన్సెస్ మెక్‌గీ అనే పరిశోధకురాలు ప్రయోగాలు చేసి 1937లో ఫలితాలు ప్రచురించింది. ఒకసారి విన్న కొత్త గొంతును మర్నాడు 83 శాతం మంది సరిగ్గా గుర్తుపట్టారు. ఐదు నెలలకు అది 13 శాతానికి పడిపోయింది. పోయిన ఏడాది ఒకసారి మాట్లాడిన మనిషి "నా గొంతు గుర్తులేదా?" అని నిష్ఠూరమాడితే నొచ్చుకోవాల్సిన పనేమీ లేదు.

స్క్రీన్ మీద పేరు ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోండి

మీ కాంటాక్ట్స్‌లో ఉన్న పేరు కనిపిస్తే, ఫోన్ చేసిన పనల్లా వచ్చిన నెంబర్‌ను మీ లిస్టుతో పోల్చడమే. ఆ నెంబర్‌తో అవతల ఎవరు మాట్లాడుతున్నారో దానికి తెలియదు. పైగా అన్ని అంకెల్నీ పోల్చి చూస్తుందన్న నమ్మకం కూడా లేదు. ఆండ్రాయిడ్‌లో చాలాకాలం వాడిన పద్ధతిలో చివరి 7 అంకెలు కలిస్తే చాలు, అదే మనిషి అని చూపించేది. దేశం కోడ్ రాసినా రాయకపోయినా పేరు కనిపించాలని అలా పెట్టారు. వేరే దేశం నుంచి, అవే చివరి అంకెలతో వచ్చిన కాల్‌కు మీ స్నేహితుడి పేరు పడే అవకాశం అందులోనే ఉంది.

కాలర్ ఐడీ యాప్‌లు చూపించే పేరు ఇంకో రకం. అది ఎవరెవరో తమ ఫోన్లలో ఎలా సేవ్ చేసుకున్నారో, ఏమని రిపోర్ట్ చేశారో దాన్ని బట్టి వచ్చిన లేబుల్. పాత ఓనర్ పేరు ఏళ్ల తరబడి దాన్నే అంటిపెట్టుకుని ఉండొచ్చు. మోసగాడు తన నెంబర్‌కు బ్యాంకు పేరు తగిలించుకునీ ఉండొచ్చు.

అన్నిటికంటే ముఖ్యం, కనిపించే నెంబరే అబద్ధం కావచ్చు. కాల్ మొదలైన చోట ఏ నెంబర్ రాసి పంపితే అదే మీ స్క్రీన్ మీద పడుతుంది, దాన్ని సరిచూసే ఏర్పాటు ఫోన్ వ్యవస్థలో మొదట్లో లేదు. ఇంటర్నెట్ కాల్స్ వచ్చాక ఈ నకిలీ మరీ సులువైంది. అమెరికాలో పెద్ద టెలికాం కంపెనీలు 2021 జూన్ 30 నాటికి స్టిర్/షేకెన్ అనే డిజిటల్ సంతకం పద్ధతి పెట్టాల్సి వచ్చింది. మంచిదే. కానీ ఆ సంతకం నెంబర్‌కు మాత్రమే పూచీ పడుతుంది, ఫోన్ పట్టుకున్న చేతికి కాదు.

1వ అడుగు: మీరు కాల్ చేస్తున్నప్పుడు

అవతలివాళ్లు ఎత్తగానే వెంటనే పేరు చెప్పకండి. ముందు "హలో" అనండి, వాళ్ల "హలో" విన్నాక పేరు చెప్పండి. కాల్ కలిసిన మొదటి క్షణంలో ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు, మాట చేరడానికీ కాస్త సమయం పడుతుంది. ఆ తోపులాటలో పోయేది పేరులోని మొదటి అక్షరమే. రమేష్, సురేష్, నరేష్, మహేష్ నలుగురికీ తేడా ఉన్నది ఆ మొదట్లోనే కదా.

పేరుతో పాటు ఆనవాలు కూడా చెప్పండి. "నేను సురేష్‌ని" అంటే అవతలివాళ్లకు తెలిసిన సురేష్‌లు ముగ్గురుంటారు. "నేను సురేష్‌నండీ, మీ అబ్బాయితో కలిసి పనిచేస్తున్నాను" అంటే ఆలోచించాల్సిన పని ఉండదు. "నేనే!" అని మొదలుపెట్టేవాళ్లు మాత్రం ఇంట్లోవాళ్లకే పరిమితం కావాలి, వాళ్లు కూడా కొత్త నెంబర్ నుంచి చేస్తే ఆ హక్కు పోతుంది.

ఆ తర్వాత, ఎత్తింది మీకు కావాల్సిన మనిషేనా అని అడిగి తెలుసుకోండి. పెద్దవాళ్ల ఫోన్ పిల్లలు ఎత్తుతారు, భర్త ఫోన్ భార్య ఎత్తుతుంది, టేబుల్ మీద మోగుతుంటే పక్క సీటు వాళ్లు ఎత్తుతారు. "లక్ష్మి గారేనా అండీ మాట్లాడేది?" అన్న ఒక్క ప్రశ్న చాలు. వ్యక్తిగత విషయమైతే ఇంకో ప్రశ్న కలపండి: "ఇప్పుడు మాట్లాడొచ్చా? స్పీకర్‌లో ఏమైనా ఉందా?" కారులో వెళ్తున్నవాళ్లకు కాల్ చేస్తే మీ గొంతు కారంతా వినిపిస్తుంది. మీరు ఒక్కరితో మాట్లాడుతున్నామనుకుంటారు, వినేవాళ్లు నలుగురుంటారు. ఇదీ మనిషిని పొరబడటమే, లెక్కలో పొరబడటం.

ఆరోగ్యం, డబ్బు, ఉద్యోగం, పెళ్లి విషయాలు ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వచ్చేదాకా ఎత్తకండి.

2వ అడుగు: మీరు కాల్ ఎత్తినప్పుడు

అసలు చిక్కంతా ఇక్కడే. తెలియని నెంబర్, తెలిసినట్టున్న గొంతు. ఈ సంభాషణ చూడండి:

"హలో, బాబాయ్! ఎలా ఉన్నారు?"

"బాగున్నాం... ఎవరు?"

"అదేంటి బాబాయ్, నన్నే గుర్తుపట్టలేదా?"

"ఓహో, కిరణ్‌వా? గొంతు మారిందేంట్రా!"

"ఆఁ, కిరణ్‌నే బాబాయ్. జలుబు చేసింది. ఇది కొత్త నెంబర్, సేవ్ చేసుకోండి."

ఇందులో కిరణ్ అన్న పేరు ఎవరు చెప్పారు? బాబాయే. జలుబు సాకు కూడా బాబాయి "గొంతు మారింది" అన్నాకే వచ్చింది. అవతలివాడికి మొదట్లో తెలిసిందల్లా ఎత్తింది వయసున్న మగమనిషి అని, అది గొంతు వింటే ఎవరికైనా తెలుస్తుంది. "బాబాయ్" అంటే కాదనేవాళ్లు అరుదు. రెండు రోజులాగి, "బాబాయ్, చిన్న ఇబ్బందిలో ఉన్నాను" అని అదే నెంబర్ నుంచి కాల్ వస్తుంది. ఈసారి స్క్రీన్ మీద కిరణ్ అనే పడుతుంది, ఎందుకంటే సేవ్ చేసింది మనమే. "నేనెవరో చెప్పుకోండి" అనే ఈ మోసం చాలా దేశాల్లో నడుస్తోంది, బామ్మల్నీ తాతల్నీ ఎక్కువగా పడగొట్టింది.

నిజంగా మేనల్లుడో, పాత స్నేహితుడో సరదాకి "చెప్పుకో చూద్దాం" అన్నా మన జవాబు ఒకటే ఉండాలి. మొహమాటం పోగొట్టే మాటలు కొన్ని:

"లైన్ సరిగ్గా లేదమ్మా, ముందు పేరు చెప్పు." తప్పు లైన్ మీదకు నెట్టేస్తే ఎవరికీ నొప్పి ఉండదు. పైగా పైన చూశాం కదా, చాలాసార్లు తప్పు లైన్‌దే.

"నెంబర్ సేవ్ అయి లేదండీ, ఎవరు మాట్లాడుతున్నారు?" తెలియనివాళ్లతో ఇది సరిపోతుంది. "ఎవరు మీరు?" అన్న దానికంటే మెత్తగా ఉంటుంది, పని అదే.

"గొంతు తెలిసినట్టే ఉంది, పేరు మీ నోటితో చెప్తే బాగుంటుంది." పెద్దవాళ్లతో, గౌరవించాల్సినవాళ్లతో.

అయినా చెప్పకుండా ఆటాడుతుంటే, అనుమానం ఉంటే, లేని పేరు ఒకటి వేసి చూడండి. మీ చుట్టాల్లో వంశీ అనే వాడే లేకపోతే "ఎవరు, వంశీవా?" అనండి. నిజమైన చుట్టం "వంశీ ఎవరు? నేను ఫలానా" అంటాడు. మోసగాడు "ఆఁ, వంశీనే" అంటాడు. ఫోన్ పెట్టేయండి.

మీరు ఎత్తగానే మీ పేరు చెప్పాలా? ఆఫీసు ఫోన్ అయితే చెప్పడం మర్యాద. సొంత ఫోన్‌లో, తెలియని నెంబర్ అయితే అక్కర్లేదని నా అభిప్రాయం. "హలో" చాలు. అవతలివాళ్లకు మీరు ఎవరో తెలిసే కదా చేశారు. వాళ్లే "ఎవరు మాట్లాడుతున్నారు?" అని మిమ్మల్ని అడిగితే, "మీకు ఎవరు కావాలి?" అని తిరిగి అడగండి.

3వ అడుగు: మాటల మధ్యలో అనుమానం వస్తే

పది మాటలయ్యాక "ఇతను మనం అనుకున్న మనిషి కాదేమో" అనిపిస్తుంది. చాలామంది అక్కడ చేసే పని, బయటపడకుండా తెలివిగా లాక్కొచ్చి చివరికి పేరు కనుక్కుందాం అనుకోవడం. "ఇంట్లో అంతా బాగున్నారా? పిల్లలు ఏం చదువుతున్నారు?" అంటూ చుట్టూ తిరుగుతారు. అవతలి మనిషికి పిల్లలే లేరని తెలిసేసరికి వ్యవహారం రెట్టింపు చెడుతుంది. ఆపడానికి మంచి సమయం అనుమానం వచ్చిన ఆ క్షణమే: "ఒక్క నిమిషం అండీ, నేను మిమ్మల్ని ఇంకొకరనుకుని మాట్లాడేస్తున్నానేమో. ఎవరు మాట్లాడుతున్నారు?" ఒక నవ్వుతో పోతుంది.

వాళ్లే మిమ్మల్ని ఇంకొకరనుకుంటున్నారని మీకు అర్థమైతే వెంటనే ఆపాల్సిన బాధ్యత మీదే. వినడానికి ఆసక్తిగా ఉన్నా సరే. "ఆగండాగండి, మీరు ఎవరి కోసం చేశారు?" అనండి. ఎవరికో జబ్బు చేసిందనో, ఎవరో పోయారనో చెప్పడానికి చేసిన కాల్ అయితే "రాంగ్ నెంబర్" అని టక్కున పెట్టేయకండి. కంగారులో ఉన్న మనిషి కబురు చేరిందనుకునే ప్రమాదం ఉంది. "మీరు చెప్పిన విషయం వాళ్లకు చేరలేదండీ, నెంబర్ మరోసారి చూసుకుని చేయండి" అని తేల్చి చెప్పండి.

రాంగ్ నెంబర్ అని తేలాక అడగదగ్గ ప్రశ్న ఒక్కటే ఉంది. కాల్ చేసినవాళ్లు తాము నొక్కిన నెంబర్ చదివి వినిపించి "ఇదేనా అండీ?" అనాలి. కాదంటే వేలు జారింది, మళ్లీ చేయొచ్చు. ఇదే అంటే నెంబర్ రాసుకోవడమే తప్పు, మళ్లీ చేసినా అక్కడికే వెళ్తుంది. ఎత్తినవాళ్లు తమ నెంబర్ తామే చెప్పక్కర్లేదు, పేరు అసలే అక్కర్లేదు. "మరి మీరెవరు?" అని అడిగే హక్కు రాంగ్ నెంబర్ చేసినవాళ్లకు లేదు.

రాంగ్ నెంబర్ అని చెప్పాక కూడా "పర్లేదు, మీ గొంతు బాగుంది, పరిచయం చేసుకుందాం" అంటూ సాగదీసేవాళ్లతో జాగ్రత్త. పొరపాటున వచ్చినట్టు నటించి, వారాల తరబడి స్నేహం నడిపి, చివరికి పెట్టుబడి పెట్టించే మోసాలు ఇలాగే మొదలవుతాయి. మెసేజ్‌ల్లో ఇది ఇంకా ఎక్కువ.

నోరు జారాక ఏం చేయాలి? ఎవరి రహస్యం చెప్పేశారో వాళ్లకు మీరే ముందుగా చెప్పండి, ఆ రోజే. విన్న మనిషి ద్వారా తెలిస్తే రెండు తప్పులవుతాయి. విన్న మనిషిని "ఎవరికీ చెప్పకండి" అని నాలుగుసార్లు బతిమాలితే విషయానికి లేని విలువ వస్తుంది, ఒకసారి అడిగి ఊరుకోండి. నోరు జారింది ఆ విన్న మనిషి గురించే అయితే, క్షమాపణకు మెసేజ్ చాలదు, మళ్లీ కాల్ చేయండి.

4వ అడుగు: డబ్బు, ఓటీపీ, ఏడుపు వినిపిస్తే

ఈ మూడింటిలో ఏది వచ్చినా గొంతును గుర్తుపట్టే ప్రయత్నం మానేయండి. గుర్తుపట్టినా లాభం లేదు. 2023 జనవరిలో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు వాల్-ఈ అనే పద్ధతిని ప్రకటించారు. మనిషి గొంతు 3 సెకన్లు వినిపిస్తే చాలు, అదే గొంతుతో ఏ వాక్యమైనా పలికించగలదు. అంతకు ముందే 2019లో ఒక బ్రిటన్ ఇంధన సంస్థ అధిపతికి జర్మనీలోని మాతృసంస్థ అధికారి గొంతుతో నకిలీ కాల్ వచ్చింది. ఆ జర్మన్ యాస, మాట్లాడే లయ ఆయనవేనని నమ్మి 2,20,000 యూరోలు పంపేశాడు. అనుమానం వచ్చింది ఆ తర్వాత ఇంకోసారి డబ్బు అడిగినప్పుడు. తిరిగి ఇచ్చేస్తామని చెప్పిన సొమ్ము రాలేదు, కాల్ ఆస్ట్రియా నెంబర్ నుంచి వచ్చింది. చెవి పట్టుకోలేనిది నెంబర్ పట్టించింది.

ఫోన్‌లో ఏడుస్తున్న గొంతు ఎవరిదో పోల్చుకోవడం కష్టం. మాటలు ముక్కలైపోతాయి, యాస పోతుంది, మనకు టెన్షన్‌లో చెవులు పనిచేయవు. మోసగాళ్లు ఏడుపునే ఎంచుకోవడంలో ఉన్న కిటుకు ఇదే.

చేయాల్సింది చాలా చిన్నది. కాల్ కట్ చేయండి. మీ కాంటాక్ట్స్ తెరిచి, ముందు నుంచీ ఉన్న నెంబర్‌కు మీరే చేయండి. వచ్చే కాల్ మీద నకిలీ నెంబర్ రాయడం తేలిక. మీరు నొక్కిన నెంబర్ మాత్రం సాధారణంగా అసలు మనిషి సిమ్‌కే వెళ్తుంది. రీసెంట్ లిస్టులో కనిపిస్తున్న తెలియని నెంబర్ మీద నొక్కి తిరిగి చేస్తే లాభం లేదు, మళ్లీ వాళ్లే ఎత్తుతారు. అసలు మనిషి ఎత్తకపోతే అతనితో ఉండే ఇంకొకరికి చేయండి. "కట్ చేస్తే ప్రాణం పోతుంది, ఎవరికీ చెప్పొద్దు" అని అవతలివాళ్లు ఎంత గట్టిగా చెబితే అంత త్వరగా కట్ చేయాలి.

ఇంట్లోవాళ్లందరూ కలిసి ఒక గుర్తుమాట పెట్టుకోవడం బాగా పనిచేస్తుంది. పుట్టినరోజు, పెంపుడు కుక్క పేరు, స్కూలు పేరు పనికిరావు, అవన్నీ సోషల్ మీడియాలో దొరుకుతాయి. ఏ సంబంధమూ లేని రెండు మాటలు కలిపి పెట్టుకోండి, మెసేజ్‌లో రాయకండి, ఎదురుగా కూర్చున్నప్పుడు చెప్పుకోండి. గుర్తుమాట లేకపోతే తప్పుడు ప్రశ్న వేయొచ్చు: "నిన్న నువ్వు తీసుకెళ్లిన బ్యాగులోనే ఉందా?" నిన్న అతను రాలేదని, బ్యాగే లేదని అసలు మనిషికి తెలుసు.

బ్యాంకు, పోలీసు, కొరియర్ పేరుతో వచ్చే కాల్స్‌కూ ఇదే మందు. వాళ్లు మీ పేరు, చిరునామా, కార్డు చివరి అంకెలు చెప్పగలిగారంటే మీ వివరాలు ఎక్కడో బయటికొచ్చాయని అర్థం, అంతకు మించి ఏదీ రుజువు కాదు. కార్డు వెనకాల ఉన్న నెంబర్‌కు మీరే చేసి అడగండి.

5వ అడుగు: ఎవరో అనుకుని మీకే కాల్స్ వస్తుంటే

కొత్త సిమ్ తీసుకున్న దగ్గర్నుంచి పొద్దస్తమానం ఇంకెవరి కోసమో కాల్స్ వస్తుంటే, మీ నెంబర్ గతంలో వాళ్లదన్నమాట. వదిలేసిన నెంబర్లను కంపెనీలు కొంతకాలం పక్కన పెట్టి మళ్లీ ఇస్తాయి. అమెరికాలో ఆ గడువు కనీసం 45 రోజులు. పాత ఓనర్ స్నేహితులకు, అప్పులవాళ్లకు ఆ సంగతి తెలియదు కదా.

మనుషులు చేస్తే ఒకసారి చెప్పండి: "ఈ నెంబర్ ఇప్పుడు నాదండీ, వాళ్లది మీ ఫోన్‌లోంచి తీసేయండి." ఇదే వాక్యం మెసేజ్‌గా సేవ్ చేసి పెట్టుకుంటే రోజూ చెప్పే పని తప్పుతుంది. వాళ్ల పేరుతో వచ్చే ఓటీపీలు ఎవరికీ చదివి చెప్పకండి. "అది నా అకౌంటే, కోడ్ చెప్పండి" అని పాత ఓనర్‌నంటూ ఒకరు బతిమాలినా సరే, అతనే పాత ఓనర్ అని మీకెలా తెలుసు?

అప్పు వసూలు చేసేవాళ్లతో ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. మీరు ఆ మనిషి కాదని నిరూపించడానికి మీరు ఎవరో చెప్పక్కర్లేదు. "అయితే మీ పేరు చెప్పండి, గుర్తింపు కార్డు పంపండి, అప్పుడు తీసేస్తాం" అంటారు. ఆ వివరాలు ఇచ్చారంటే ఇంతవరకు వాళ్ల దగ్గర లేని మీ పేరు, ఆ అప్పు ఫైల్లోకి చేరుతుంది. "ఆ పేరు గలవాళ్లు ఈ నెంబర్‌లో లేరు. ఈ నెంబర్‌ను మీ రికార్డులోంచి తీసేయండి. మీ సంస్థ పేరు, ఫిర్యాదు పంపాల్సిన ఈమెయిల్ చెప్పండి." ఇంతే. కాల్ వచ్చిన తేదీ, సమయం రాసి పెట్టుకుని, ఆగకపోతే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

ఇదే విషయం తిరగేసి చూస్తే, మీరు నెంబర్ మార్చేటప్పుడు పాతది వదిలేయడానికి ముందే బ్యాంకు, ఈమెయిల్, ఇతర అకౌంట్లలో మార్చుకోవాలి. వాట్సాప్‌లో 'చేంజ్ నెంబర్' అనే ఏర్పాటు సెట్టింగ్స్‌లోనే ఉంది.

ఇంకో రకం తలనొప్పి: "మీ నుంచి మిస్డ్ కాల్ వచ్చింది" అని మీరు ఎన్నడూ చేయనివాళ్లు వరసగా కాల్ చేస్తారు, కొందరు తిడతారు. మీ నెంబర్‌ను ఎవరో నకిలీగా వాడుతున్నారు. వాదించకండి. "నేను చేయలేదండీ, నా నెంబర్ ఎవరో వాడుతున్నారు" అని చెప్పి పెట్టేయండి, మీ టెలికాం కంపెనీకి ఫిర్యాదు ఇవ్వండి. మోసగాళ్లు నెంబర్లు మారుస్తూ ఉంటారు కాబట్టి సాధారణంగా ఇది కొద్ది రోజుల్లో సద్దుమణుగుతుంది. సిమ్ మార్చేయాలన్న తొందర వద్దు.

6వ అడుగు: మీకు చేస్తే ఇంకెవరో ఎత్తుతున్నారంటే

ఇది అరుదే కానీ తేలిగ్గా తీసుకోకూడదు. మీ కాల్స్ వేరే నెంబర్‌కు మళ్లుతున్నాయేమో చూడండి. డయలర్‌లో *#21# నొక్కితే అన్ని కాల్స్ మళ్లింపు ఉందో లేదో తెలుస్తుంది. *#61# ఎత్తనప్పటి మళ్లింపును, *#67# బిజీగా ఉన్నప్పటిదాన్ని, *#62# ఫోన్ అందనప్పటిదాన్ని చూపిస్తాయి. మీకు తెలియని నెంబర్ కనిపిస్తే ##002# నొక్కండి, మళ్లింపులన్నీ ఒకేసారి పోతాయి. వాయిస్ మెయిల్ వాడుతుంటే అదీ పోతుంది, తర్వాత మళ్లీ పెట్టుకోవాలి. ఇవి జీఎస్ఎం అనే మొబైల్ ఫోన్ల ప్రమాణంలోని కోడ్‌లు, చాలా నెట్‌వర్కుల్లో పనిచేస్తాయి. పనిచేయకపోతే కాల్ సెట్టింగ్స్‌లో చూడండి. ఎవరో కాల్ చేసి "సమస్య పోవాలంటే ఈ కోడ్ నొక్కండి" అని ఒక నెంబర్ కలిపి చెప్పి ఉంటే, ఆ కోడ్‌తోనే మళ్లింపు పెట్టించి ఉంటారు.

మళ్లింపు లేదు, సిగ్నల్ మాత్రం పూర్తిగా పోయింది, అయినా కాల్స్ ఎవరో ఎత్తుతున్నారంటే మీ సిమ్‌కు డూప్లికేట్ తీసి ఉండొచ్చు. ఇంకో ఫోన్ నుంచి టెలికాం కంపెనీకి, ఆ వెంటనే బ్యాంకుకు చేయాలి. దీనికి రేపటిదాకా ఆగొద్దు.

7వ అడుగు: కాంటాక్ట్స్ లిస్టు శుభ్రం చేయండి

మనిషిని పొరబడే సందర్భాల్లో కొన్ని మన వేలు వల్లే. ఒక పేరుతో ఇద్దరుంటే ఇద్దరి పేర్లకూ ఆనవాలు తగిలించండి, ఒకరికి తగిలించి ఇంకొకరిని ఉత్త "రమేష్"గా వదిలేస్తే ఆ ఉత్త రమేష్ ఎవరో ఏడాదికి మర్చిపోతారు. ఆనవాలు పేరు చివర కాకుండా మొదట పెడితే ఇంకా మంచిది: "ప్లంబర్ రమేష్", "ఆఫీస్ రమేష్". లిస్టులో పక్కపక్కన పడరు, వాయిస్ అసిస్టెంట్‌తో కాల్ చేయించినా తికమక ఉండదు. ఫోటో పెడితే కాల్ వచ్చినప్పుడు చదవకుండానే తెలిసిపోతుంది.

నెంబర్లను ప్లస్ గుర్తు, దేశం కోడ్‌తో సేవ్ చేయండి. దేశం కోడ్‌తో కలిపి అంతర్జాతీయ నెంబర్ 15 అంకెలకు మించదు, అంతకన్నా ఎక్కువ కనిపిస్తే ఎక్కడో రెండుసార్లు రాశారు. ఒకే మనిషికి రెండు సిమ్‌లుంటే రెండూ ఒకే కాంటాక్ట్ కింద పెట్టండి. ఇంటిల్లిపాదీ వాడే ఫోన్ అయితే పేరు పక్కన "అందరూ ఎత్తుతారు" అని రాసుకోండి, చూడగానే నోరు అదుపులో ఉంటుంది. నెంబర్ మార్చినవాళ్ల పాత నెంబర్‌ను "పాతది" అని ఉంచుకోకుండా తీసేయండి, అది ఇప్పటికే ఇంకెవరి చేతిలోనో ఉండొచ్చు.

రాంగ్ నెంబర్‌కు చేసి ఉంటే రీసెంట్ లిస్టులోంచి ఆ కాల్‌ను అప్పుడే తొలగించండి. సాయంత్రం మళ్లీ చేయబోయేటప్పుడు పైన కనిపించేది అదే, వేలు దాని మీదే పడుతుంది.